దొరవారిసత్రం దగ్గర మాటల్లేని సీను

హజరత్తయ్యకు ఇప్పుడు అరవై రెండేళ్లు. వెంకటాచలం దాటాక హైవే పక్కనున్న ఒక గోడౌనుకు పగటి వాచ్‌మన్. ఉదయం ఎనిమిదికి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే సాయంత్రం ఆరుకు లేస్తాడు. ఆ లేవడం కూడా ఒక్కసారిగా జరగదు. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, కాసేపు అలాగే వంగి ఉండి, నడుము ఒప్పుకున్నాక నిలబడతాడు. ముప్పై ఏళ్లు స్టీరింగు ముందు కూర్చున్న నడుము అది. నెల్లూరులో చూపించుకుంటే బరువులెత్తొద్దు, ఎక్కువసేపు కూర్చోవద్దు, ఎక్కువసేపు నిలబడొద్దు అని చెప్పారు. అవి మూడూ వద్దంటే ఇక మిగిలింది పడుకోవడమే గదా అని ఇంటికొచ్చి భార్య మాలకొండమ్మతో అన్నాడు.

వాళ్లది వెంకటాచలం పక్క పల్లె. పిల్లలు నిలవడం లేదని తల్లి కసుమూరు దర్గాలో మొక్కుకుంటే పుట్టినవాడు, అందుకని హజరత్తయ్య అయ్యాడు. ఉన్న కాస్త మడీ అన్నగారి చేతికొదిలి, ఇరవై రెండేళ్లప్పుడు లారీ ఎక్కాడు. లారీ తర్వాత బస్సు. తొంభై ఎనిమిదిలో నెల్లూరులో ఒక ట్రావెల్స్ వాళ్ల వీడియో కోచ్ మీద డ్రైవరుగా చేరాడు. పొద్దున ఆరున్నరకు నెల్లూరులో బయలుదేరి పదిన్నరకల్లా మద్రాసు చేరాలి. మధ్యాహ్నం రెండుకు మళ్లీ అక్కడ బయలుదేరాలి. వారంలో ఆరు రోజులు అదే రోడ్డు, అదే టైము.

ఆ బస్సులో టీవీ డ్రైవరు తల వెనకాల, పైకప్పుకు బిగించిన ఇనప చట్రంలో ఉండేది. దాని ముఖం ప్రయాణికుల వైపు. స్పీకర్లలో ఒకటి సరిగ్గా హజరత్తయ్య నెత్తి మీద. కాబట్టి బస్సులో ఏ సినిమా వేసినా అందరికంటే బాగా వినపడేది అతనికే, అసలు కనపడనిదీ అతనొక్కడికే.

మొదట్లో రకరకాల క్యాసెట్లు తెచ్చారు. కొట్లాటల సినిమా వేస్తే వెనక సీట్ల ముసలివాళ్లు ఆపమనేవాళ్లు. భక్తి సినిమా వేస్తే కాలేజీ పిల్లలు విసుక్కునేవాళ్లు. ఆ పొద్దుటి బస్సులో సగంమంది మద్రాసు ఆసుపత్రులకు పోయేవాళ్లే. ఒళ్లో ఎక్స్‌రే కవర్లు పెట్టుకుని, టిఫిను తినకుండా ఎక్కే మనుషులు. వాళ్ల ముందు చావులూ ఏడుపులూ వేయలేరు. చివరికి క్లీనరు పోలేరయ్య ఎక్కడినుంచో ఒక పాత క్యాసెట్టు పట్టుకొచ్చాడు. దాని అసలు పేరు ఎవరూ పలికేవాళ్లు కాదు. అందరికీ అది గోడ సినిమా. అన్నదమ్ములిద్దరు పోట్లాడుకుని ఇంటి మధ్యలో గోడ కట్టుకుంటారు. వాళ్ల పెళ్లాలు గోడ మీంచి కూర గిన్నెలు అందించుకుంటూ ఉంటారు, అన్నదమ్ములేమో కోళ్లు ఎవరివని పంచాయితీలు పెడతారు. నవ్వలేక కడుపు నొప్పి పుట్టే సినిమా. ఆ క్యాసెట్టు వేస్తే వద్దన్నవాళ్లు లేరు. అప్పటినుంచి పొద్దుటి ట్రిప్పుకు అదే. క్యాసెట్టు అరిగిపోతే సీడీ తెచ్చారు, సీడీ గీతలు పడితే ఇంకో సీడీ తెచ్చారు.

చూసినవాళ్లే మళ్లీ చూసేవాళ్లు. నెలకోసారి మందులకు పోయే ఒక పెద్దాయన, కోళ్ల పంచాయితీ వచ్చే ముందే పక్కవాడి భుజం తట్టి, ఇప్పుడు చూడు అని నవ్వడం మొదలుపెట్టేవాడు. తల మీద కొంగు కప్పుకుని కూర్చునే ఒకామె, ఏ జబ్బుకు పోతోందో హజరత్తయ్యకు తెలుసు, సినిమా ఆలస్యంగా మొదలైన ఒకరోజు కోయంబేడు వచ్చేసినా దిగలేదు. ఈ ఒక్క ముక్కా అయిపోనీ అన్నా, దిగితే మళ్లీ ఎప్పుడు నవ్వుతానో అంది. అతను ఇంజను ఆపి, టీవీ ఆపకుండా, ఆమె దిగేదాకా కూర్చున్నాడు.

గూడూరులో ఎలిశబెతు అనే టీచరమ్మ ఎక్కేది. నాయుడుపేటలో దిగి బడికి పోయేది. ఆరేళ్లపాటు ఆమె చూసింది ఆ సినిమాలో సరిగ్గా మధ్య ముక్క. మొదలూ తెలియదు, చివరా తెలియదు. ఒకరోజు దిగుతూ దిగుతూ ఆగి అడిగింది.

“అన్నా, చివరికి ఆ గోడ పడతాదా, లేదా?”

“పడతాదమ్మా. పెద్ద వాన వచ్చి పడిపోతాది,” అన్నాడు హజరత్తయ్య.

ఆమె సంతోషపడి, బైబిల్లో యెరికో గోడ మాదిరి దేవుడే పడగొట్టినాడన్న మాట అని నవ్వుకుంటూ దిగింది. అతను చూసి చెప్పిన మాట కాదు అది. ఉరుములూ, వాన చప్పుడూ, ఏదో కూలిన చప్పుడూ విని చెప్పాడు.

చూడాలంటే ఎక్కడో ఒకచోట చూడకపోయేవాడా అంటే, నిజమే. కాని రోజూ నెత్తి మీద మోగే సినిమాను సెలవు రోజున వెతుక్కుని చూసే ఓపిక ఎవరికుంటుంది? సెలవు రోజున అతను నిద్రపోయేవాడు. మాలకొండమ్మ అన్నానికి లేపితే తిని మళ్లీ పడుకునేవాడు. ఇంట్లో టీవీ కూడా చాలా కాలం లేదు.

రోడ్డంతా అతనికి ఆ సినిమా మాటలతో కలిసిపోయింది. గోడకు పునాది తీసేసరికి మనుబోలు. కోళ్ల పంచాయితీ గూడూరు దాటాక. తమ్ముడి పెళ్లాం పుట్టింటికి పోయేసరికి నాయుడుపేట. ఆ తర్వాత దొరవారిసత్రం దగ్గర, పులికాటు వైపునుంచి గాలి ఉప్పగా తగిలే చోట, ఒక సీను వచ్చేది. దాంట్లో మాటలుండవు. దాదాపు నాలుగు నిమిషాలు ఒక వేణువు, అప్పుడప్పుడూ నీళ్ల చప్పుడు, దేన్నో మెల్లగా గీకుతున్నట్టు ఒక చప్పుడు. అంతే. అప్పటిదాకా నవ్విన బస్సు మొత్తం ఊపిరి బిగబట్టినట్టు అయిపోయేది. హజరత్తయ్య ముందున్న అద్దంలోకి చూస్తే వరసగా ముఖాలు పైకెత్తి కనపడేవి. కొందరు కళ్లు తుడుచుకునేవాళ్లు. ఎక్స్‌రే కవర్లవాళ్లు కూడా కవరు సంగతి మరిచిపోయేవాళ్లు.

ఆ చప్పుడు విని, ఎవరో చనిపోయారనీ, గుంట తవ్వుతున్నారనీ అతను అనుకున్నాడు. ఒకసారి పోలేరయ్యను అడిగాడు కూడా. పోలేరయ్య అతనికంటే అయిదేళ్లు పెద్ద. మాటలు తక్కువ మనిషి. చూస్తేనే గాని తెలవదబ్బయ్యా, చెప్తే ఏముంటాది దాంట్లో అని ఊరుకున్నాడు. మళ్లీ అడగలేదు.

ఆ నాలుగు నిమిషాలూ అద్దంలో ముఖాలు చూడడం హజరత్తయ్యకు అలవాటయింది. చూసి, రోడ్డు మీదకు కళ్లు తిప్పి, మళ్లీ చూసేవాడు. పన్నెండేళ్లు అలా జరిగింది. ఏమీ కాలేదు.

రెండువేల పది మార్చిలో, వరికోతలప్పుడు, దొరవారిసత్రం దాటుతుండగా మాటల్లేని సీను వచ్చింది. ముందు సీట్లో ఒక చంటిబిడ్డ తల్లి కూర్చుని ఉంది. బిడ్డ నిద్రపోతోంది. ఆమె కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, పెదవుల మీద మాత్రం నవ్వుంది. గుంట తవ్వుతుంటే ఈమె ఎందుకు నవ్వుతోంది అనుకున్నాడు హజరత్తయ్య. ఆ ముఖం మీదనుంచి కళ్లు తిప్పడం ఒక్క క్షణం ఆలస్యమైంది. తిప్పేసరికి ఎడమవైపు మట్టిరోడ్డు మీంచి వరిగడ్డి ట్రాక్టరొకటి హైవే ఎక్కుతోంది.

బ్రేకు తొక్కి స్టీరింగు కుడివైపు తిప్పాడు. బస్సు ఎడమ మూల ట్రాక్టరు వెనక గడ్డి ట్రక్కుకు తగిలింది. ద్వారం నలిగిపోయింది. బస్సు డివైడరెక్కి ఒక పక్కకు వాలి ఆగిపోయింది. గడ్డి రోడ్డంతా పరుచుకుంది. మనుషులకు దెబ్బలు తగిలాయిగాని ప్రాణం మీదకు రాలేదు. వాలిన బస్సులో టీవీ ఆగలేదు. వేణువు అయిపోయి, కోళ్ల గొడవ మాటలు మళ్లీ మొదలై, జనం ఏడుపుల మధ్య ఆ నవ్వుల సీను అలాగే నడిచింది. ఎవరో వైరు పీకేదాకా.

పోలేరయ్య ఫుట్‌బోర్డు మీద ఉన్నాడు. ఎడమకాలు ఇరుక్కుపోయింది. హజరత్తయ్యా మరో ఇద్దరూ రేకు వంచి బయటికి తీశారు. మోకాలి కిందనుంచి కాలు తీసేయాల్సి వచ్చింది.

పోలీసులు అడిగినప్పుడు ట్రాక్టరు అడ్డమొచ్చిందని హజరత్తయ్య చెప్పాడు. అది అబద్ధం కాదు. చూసినవాళ్లూ అదే అన్నారు. హైవే మీదకు ఆగకుండా ఎక్కాడని ట్రాక్టరు తోలినాయన మీద తప్పు రాశారు. ఆయన పేరు కామాక్షయ్య. కేసు మూడేళ్లు నడిచింది. కోర్టు వరండాలో ఆయన పంచె అంచు వేళ్లకు చుట్టుకుంటూ కూర్చునేవాడు. హజరత్తయ్య స్తంభానికి అటుపక్క నిలబడేవాడు. అద్దం సంగతి ఎవరికీ చెప్పలేదు. మాలకొండమ్మకు కూడా చెప్పలేదు.

బాగుచేయించిన బస్సు మీద ఇంకో నాలుగేళ్లు చేశాడు. అప్పటికి జనం చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. ఎవరి చెవుల్లో వాళ్లు వైర్లు పెట్టుకుని ఎవరి సినిమా వాళ్లు చూసుకునేవాళ్లు. టీవీ పెట్టమని అడిగేవాళ్లు తగ్గారు. ఒకరోజు దాన్ని ఊడదీసేశారు. బస్సు నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో తోలడం ఇంకా కష్టమైంది అతనికి. మనుబోలు వచ్చిందీ గూడూరు వచ్చిందీ తెలిసేది కాదు. నడుము కూడా మొరాయించింది. బండి దిగేశాడు.

పోలేరయ్య మనుబోలులో కొడుకు ఇంటి ముందు చిన్న బంకు పెట్టుకున్నాడు. హజరత్తయ్య మొదట్లో నెలకోసారి బత్తాయిలు కొనుక్కుని పోయేవాడు. బంకు ముందు బల్ల మీద కూర్చుని వానల గురించీ, వడ్ల ధర గురించీ మాట్లాడేవాడు. ఎదురుగా పెట్టుడుకాలు గోడకు ఆనించి ఉండేది. చెప్దామని పోవడం, చెప్పకుండా రావడం. నెలకోసారి రెండు నెలలకోసారయింది, తర్వాత ఆరు నెలలకోసారి. చెప్పాల్సిన మాట ఎంత కాలం లోపల ఉంటే అంత బరువవుతుంది. చివరికి దాన్ని మోసుకుని మనుబోలుదాకా పోవడానికే ఓపిక లేకపోయింది.

ఇంట్లో టీవీ కొన్నాక ఇంకో తంటా వచ్చింది. గోడ సినిమా రెండు నెలలకోసారైనా ఏదో ఒక ఛానల్లో ఆదివారం మధ్యాహ్నం వచ్చేది. మాలకొండమ్మకు ఆ సినిమా అంటే ప్రాణం. అది వస్తే అంట్లు కూడా అలాగే వదిలేసి కూర్చునేది. మొదటి పాట వినపడగానే హజరత్తయ్య కుడికాలు తనంతట తనే నేల మీద బ్రేకు వెతుక్కునేది. తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయేవాడు. రోజూ చూసి చూసి మొహం మొత్తిందిలే పాపం అని ఆమె అనుకునేది.

రెండువేల ఇరవై నాలుగు ఏప్రిల్లో ఒక ఆదివారం పోలేరయ్య ఆటో దిగాడు. మనవరాలు ప్రత్యూష పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వచ్చాడు. ఆ కాలితో ఎందుకొచ్చినావన్నా, ఫోను చేస్తే చాలు గదా అని హజరత్తయ్య అంటే, నీకు ఫోన్లో చెప్తానా అన్నాడు. మాలకొండమ్మ రొయ్యలు వంకాయ వండింది. తిన్నాక ఇద్దర్నీ ఫ్యాను కింద కూర్చోబెట్టి టీవీ పెట్టింది.

గోడ సినిమా అప్పుడే మొదలవుతోంది.

హజరత్తయ్య తువ్వాలు తీసుకోబోయాడు. ఇంటికొచ్చిన మనిషిని వదిలి ఎక్కడికి పోతాడు? మళ్లీ కూర్చున్నాడు. అలా అరవై రెండేళ్ల వయసులో మొదటిసారి అతను ఆ సినిమాకు ఎదురుగా కూర్చున్నాడు. అన్న పాత్రధారి లావుగా ఉంటాడనుకున్నాడు, గొంతును బట్టి. చూస్తే బక్కమనిషి. పెంకుటిల్లు అనుకున్నది మిద్దె. బొమ్మ ఏదీ అతను అనుకున్నట్టు లేదు. మాటలు మాత్రం అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. అతనికి తెలియకుండానే ప్రతి మాటా ఒక క్షణం ముందు అతని పెదవుల మీదకు వచ్చేస్తోంది. మాలకొండమ్మ అది చూసి నవ్వింది. నవ్వి, కుండలో మజ్జిగ తేవడానికి లోపలికి పోయింది.

గూడూరు పోయింది, నాయుడుపేట పోయింది. వేణువు మొదలైంది.

బొమ్మలో తమ్ముడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులకూ కట్లున్నాయి. గడ్డం బాగా మాసిపోయింది. అన్న గోడ చుట్టూ తిరిగి వచ్చాడు. చేతిలో చెంబు, మంగలి కత్తి. ఒక్క మాటైనా లేకుండా తమ్ముడి ముఖం తడిపి, గడ్డం గీయడం మొదలుపెట్టాడు. తమ్ముడు అన్న ముఖం చూడలేక కళ్లు మూసుకున్నాడు.

“గడ్డం గీస్తా ఉండాడా?” అన్నాడు హజరత్తయ్య.

పోలేరయ్య తల తిప్పి చూశాడు. “మరేం చేస్తా ఉండాడనుకున్నావు?”

“గుంట తవ్వతా ఉండారనుకున్నా. ఎవరో పోయినారనుకున్నా, అన్నేళ్లూ.”

“నువ్వెప్పుడూ చూళ్లేదా?”

లేదని తలూపాడు హజరత్తయ్య. కత్తి గీకుతున్న చప్పుడు గదిలో అలాగే వినపడుతోంది. పద్నాలుగేళ్లుగా నోటిదాకా వచ్చి ఆగిన మాట అప్పుడు వచ్చేసింది. రావడానికి పెద్ద కష్టం కూడా పడలేదు. అలిసిపోయినవాడి చేతిలోంచి సంచి జారిపోయినట్టు వచ్చింది.

“అన్నా, ఆ రోజు నేను రోడ్డు చూళ్లేదు. అద్దంలో జనాన్ని చూస్తా ఉండినా. ఈ సీనే. ట్రాక్టరు రావడం చూసుంటే ఆపేసుండేవాణ్ని. నీ కాలు నా వల్లే పోయింది.”

పోలేరయ్య టీవీ వైపు తిరిగాడు. బొమ్మ పోయి సబ్బు ప్రకటన వచ్చింది, తర్వాత బంగారు నగలది, తర్వాత ఇంకేదో. అవన్నీ అతను శ్రద్ధగా చూస్తున్నట్టే చూశాడు. హజరత్తయ్య నేల వంక చూస్తూ కూర్చున్నాడు. తిడితే బాగుండునని ఉంది అతనికి.

“ఎడం పక్క ఎవురిదబ్బయ్యా?” అన్నాడు పోలేరయ్య చివరికి.

హజరత్తయ్యకు అర్థం కాలేదు.

“బస్సుకి ఎడం పక్క చూసేది ఎవురు? నేను గదా. మట్టిరోడ్ల మీంచి ఏదన్నా వస్తే రేకు మీద కొట్టి చెప్పాల్సినోణ్ని నేను. ఆ పొద్దు నేను ద్వారం కాడే నిలబడుండినా. కాళ్లు మెట్టు మీద ఉండినాయి, తల మాత్రం లోపల పెట్టి టీవీ చూస్తా ఉండినా. కాలు పోయింది నా తప్పుకేలే అనుకున్నా. నువ్వు బత్తాయిలు తెచ్చినప్పుడల్లా చెప్దామనుకుంటా. నోరు రాదు.”

హజరత్తయ్య నేల మీదనుంచి తల ఎత్తాడు.

“అన్నిసార్లు చూసినావు గదన్నా. ఇంకా ఏం చూసేదుంది దాంట్లో?” అని అడిగాడు హజరత్తయ్య. నింద కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

పోలేరయ్య చాలా ఆలోచించాడు. తన తమ్ముడు తనతో మాట మానేసి అప్పటికే ఇరవై ఏళ్లని చెప్పాడు. చేని గట్టు దగ్గర తగాదా. “ఆ పెద్దోడు గవద కింద వేలు పెట్టి తమ్ముడి తల పైకెత్తతాడు జూడు, కత్తి తగలకుండా. అది చూస్తే గాని నాకు ఆ పూట మనసు కుదిరేది కాదు. తెలిసిందే గదా అంటే, తెలిసిందే. రోజూ తినే అన్నం తెలీదా?” అన్నాడు.

మాలకొండమ్మ మజ్జిగ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో వాళ్లు చూడలేదు. గ్లాసులు ఇద్దరి చేతికీ ఇచ్చి, టీవీ ఆపేసింది. ఆమె ఆ సినిమా మధ్యలో ఆపడం ఎప్పుడూ లేదు.

“మీ ఇద్దరి సంగతీ సరే బావా,” అంది పోలేరయ్యతో. “ఆ ట్రాక్టరు తోలినాయన సంగతేంది?”

హజరత్తయ్య మజ్జిగ గ్లాసు తాగకుండానే కింద పెట్టాడు.

పెళ్లి మే నెలలో అయింది. తర్వాత కూడా కామాక్షయ్య దగ్గరికి పోవడానికి ఇద్దరూ నెల రోజులు వాయిదాలు వేశారు. ఎండలన్నారు, నడుమన్నారు, పెట్టుడుకాలు ఒరుసుకుంటోందన్నారు. మాలకొండమ్మ అన్నం పెడుతూ, పోయినారా అని అడిగేది. జూన్ చివర్లో ఒకరోజు హజరత్తయ్య గోడౌనుకు సెలవు పెట్టి మనుబోలులో పోలేరయ్యను ఎక్కించుకుని బస్సులో నాయుడుపేట పోయాడు. అక్కడినుంచి షేరాటో. దొరవారిసత్రంలో దిగి కామాక్షయ్య ఊరి పేరు చెప్పి అడిగితే ఇంకో నాలుగు మైళ్లన్నారు. ఇంకో ఆటో.

కామాక్షయ్య కొట్టం ముందు గేదెకు నీళ్లు పెడుతున్నాడు. బాగా ముసలివాడైపోయాడు. హజరత్తయ్యను ముందు పోల్చుకోలేదు. పోలేరయ్య కాలు చూసి పోల్చుకున్నాడు. ఏదో కొత్త కేసు తెచ్చారనుకున్నాడేమో, చేతిలో బక్కెట అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

కేసు కాదు పెద్దాయనా అని హజరత్తయ్య చెప్పాడు. నులకమంచం వాల్చితే కూర్చున్నారు. హజరత్తయ్య తన అద్దం సంగతి చెప్పాడు, పోలేరయ్య తన టీవీ సంగతి చెప్పాడు. చెప్పడానికి పట్టుమని అయిదు నిమిషాలు పట్టలేదు. గేదె నీళ్లు తాగి తల విదిలిస్తే ముగ్గురి మీదా చినుకులు పడ్డాయి.

“నేను ఆగినానో లేదో నాకే తెలవదిప్పుడు,” అన్నాడు కామాక్షయ్య. “మొదట్లో ఆగినాననే అనుకుంటా ఉండినా. రోడ్డు కాడ ఆగి, రెండు పక్కలా చూసి, బస్సు దూరంగా ఉందని ఎక్కినా. అందురూ ఆగలేదన్నారు. ప్లీడరు ఆగలేదన్నాడు. మా ఇంట్లో ఆగలేదన్నారు. ఇన్నేళ్లు విని విని, ఆగలేదేమోనని నేనూ అనుకుంటా ఉండా.”

ఆ కేసుతోనే ట్రాక్టరు అమ్మేశామని చెప్పాడు. తర్వాత మళ్లీ స్టీరింగు ముట్టుకోలేదట. తన మడి అయినా పక్కవాడి చేత దున్నించుకోవడమే. కోపంగా చెప్పలేదు. ఎండ ఎక్కువగా ఉందని చెప్పినట్టు చెప్పాడు. హజరత్తయ్య క్షమించమని అడగబోయాడు. ఆ మాట ఆ కొట్టం ముందు చాలా చిన్నదిగా అనిపించి ఆగిపోయాడు. నువ్వు ఎక్కడికి రమ్మంటే అక్కడికొచ్చి చెప్తాను పెద్దాయనా, కోర్టయినా సరే అన్నాడు.

కోర్టెందుకులే, మళ్లీ తిరగలేను అని కామాక్షయ్య చెయ్యి ఊపాడు. తర్వాత ఇంటి లోపలికి చూశాడు.

“మా ఆమె ఉంది. ఆ పొద్దుటినించి ఏం చెడినా నేను ఆగకపోవడం వల్లేనని అంటాది. ఆమెకు కూడా ఒకసారి చెప్పిపోండి. నేను చెప్తే నమ్మదు.”

ఆయన పిలిస్తే ఆమె వచ్చింది. పిండి చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, వీళ్లెవరని మొగుణ్ని అడిగింది. బస్సువాళ్లు అన్నాడాయన. ఆమె ముఖం బిగుసుకుపోయింది. అయినా గడప మీద కూర్చుంది.

హజరత్తయ్యకు నడుము పోటెత్తుతోంది. పొద్దుటినుంచి రెండు ఆటోలూ ఒక బస్సూ ఎక్కి దిగిన నడుము. మంచం మీదనుంచి లేచి, ఆమెకు ఎదురుగా నేల మీద కూర్చుని, ఆ రోజు నెల్లూరులో బస్సు తీసిన దగ్గరినుంచి మళ్లీ చెప్పాడు. ఈసారి ఏదీ తగ్గించలేదు. చంటిబిడ్డ తల్లి ముఖం చెప్పాడు, కోర్టు వరండాలో స్తంభం చాటున నిలబడింది కూడా చెప్పాడు. ఆమె వింటున్నంతసేపూ మొగుడి వైపు చూసింది, హజరత్తయ్య వైపు చూడలేదు. మొగుడు గేదె మెడ నిమురుతూ నిలబడ్డాడు.

వాళ్లు బయలుదేరబోతే, ఎండ తగ్గినాక పోదురులే అని మాత్రం అంది.